ఇద్దరు పెద్దలు తప్పనిసరి

బావగారికి,

ప్రభువు పేరిట వందనాలు. మా అబ్బాయి, మీ అమ్మాయి పెళ్లిలో నేను బైబిలు వాక్యం చెబుతుండగా మీరు మైకు ప్లగ్గు పీకేసిన నాటి నుంచి మీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు.

మన మనవరాలు చేరిన స్కౌట్ దళంలో జీతగాడంటూ ఒక్కడూ లేడట. ఒక ఇంటివాళ్లు హాలు ఊడుస్తారు, ఒక ఇంటివాళ్లు బిస్కెట్లు తెస్తారు. "చిన్నపిల్లల జట్టుకి పెద్దదిక్కు లేదండీ, ఎవరూ రాకపోతే మూసెయ్యాల్సిందే" అన్నారు మొన్న మీటింగులో. తల్లిదండ్రులంతా చెప్పుల వైపు చూసుకున్నారు. నాకు రక్తం మరిగింది. దేవుడి పిలుపు వస్తే ఓడెక్కి పారిపోయినవాడు ఎక్కడ తేలాడో నాకు తెలుసు, చేప కడుపులో! "నేనున్నాను!" అని లేచాను.

తర్వాత చెప్పారు అసలు సంగతి. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలట, ఒక్కరే ఉండకూడదట. "రెండోవారు దొరికేశారు మామయ్యగారూ, మా నాన్నే!" అంది మీ అమ్మాయి సంబరంగా.

సింహాల గుహలోకైనా నేను సిద్ధమే. కానీ మీకు చెప్పాల్సిందేదైనా కాగితం మీదే చెబుతాను.

ఇట్లు,
ఒట్టు తప్పని మీ బావ, టైలరు

తా.క.: పిల్ల ఆ స్కౌటు స్కార్ఫు మెడలోంచి తియ్యకుండానే నిద్రపోతోంది. కాబట్టి మనిద్దరిలో ఎవరూ జారుకోవడానికి లేదు.

---

బావగారికి నమస్కారం.

మీ షరతు నాకూ సమ్మతమే. వైరింగు పనిలో ఉన్నవాణ్ణి, నాకు మాటలతో పెద్ద పనేం లేదు. కాకపోతే కాస్త పొట్టిగా రాయండి. నిచ్చెన మీద నిలబడి చదువుకోవాలి.

ఇట్లు,
మీ బావ, ఎలక్ట్రీషియను

తా.క.: భోజనాలు చల్లారిపోతున్నాయని పీకాను. ఆ మైకు కూడా నాదే.

---

బావగారికి,

వందనాలు. నిన్న పిల్లలు తడిసి ముద్దయిన పాపం నా నెత్తిన వేస్తున్నారని విన్నాను. మబ్బు పట్టగానే కాగితం తీసి మీకు రాసి పంపానే! మైదానంలో గుడారం పాతుతూ దాన్ని జేబులో పెట్టుకున్నది తమరు కాదా?

ఇకపోతే, వచ్చే వారం అన్ని దళాలనూ తనిఖీ చేసే నర్సమ్మగారు మన దగ్గరికి వస్తున్నారు. ఆవిడా జీతం లేకుండా తిరిగే మనిషే. కానీ ఆవిడ మాటకు ఎదురులేదు. పెద్దలకు పెద్దలకు పొసగడం లేదని తోస్తే మన జట్టును రద్దు చేసి, పిల్లల్ని తలో దళానికి పంచేస్తారట. కుటుంబాలన్నీ కలిసి వెళ్లే క్యాంపుకు మన పిల్లలు వెళ్లేదీ లేనిదీ కూడా ఆవిడే తేలుస్తారు. మనవరాలు అప్పుడే సంచి సర్దుకుంది.

ఇట్లు,
నిందలు మోస్తున్న మీ బావ

తా.క.: మీ అమ్మాయి నన్ను నిలదీసింది. మనవరాలు ఇంట్లో నోరు విప్పడం మానేసి, "పాలు కావాలి" అని చీటీ ఇస్తోందట.

---

బావగారికి నమస్కారం.

జేబులో పెట్టుకోలేదు, అక్కడే చదివాను. మొదటి పేజీలో జలప్రళయం వచ్చింది. రెండో పేజీలో ఓడ కొలతలు, ఎక్కిన జంతువులు. "పిల్లల్ని లోపలికి తీసుకురండి" అన్న ముక్క మూడో పేజీ అడుగున ఉంది. అక్కడికి చేరేసరికి సిరా కరిగిపోతోంది.

నర్సమ్మగారి ముందు మాత్రం కొట్లాట వద్దు. ఒక్క ముక్కలో రాయండి, ఒక్క ముక్కలో జవాబిస్తాను.

ఇట్లు,
మీ బావ

తా.క.: మన జట్టంతా చీటీలే ఇప్పుడు. రాయడం రాని బుడ్డోడు నాకు చెంబు బొమ్మ గీసి ఇచ్చాడు. మంచినీళ్లేమో అనుకున్నాను. కాదు. ఆలస్యమైపోయింది.

---

బావగారికి నమస్కారం.

మీ జవాబు రాకముందే మళ్లీ నేనే రాస్తున్నాను. నర్సమ్మగారు వెళ్లిపోయారు. మీరు "తాడు" అని రాశారు, నేను తెచ్చాను. నేను "గునపం" అని రాశాను, మీరు అందించారు. పిల్లలు కిక్కురుమనకుండా గుడారం నిలబెట్టేశారు. ఇంతా చేస్తే ఆవిడ మనిద్దరినీ కళ్లార్పకుండా చూసి, "మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?" అని అడిగారు. మీరు నేల చూశారు, నేను గుడారం కప్పు చూశాను. ఆవిడ ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

మన పని అయిపోయింది బావగారూ. క్యాంపు లేదని పిల్లకి నేను చెప్పలేను. మీరే చెప్పండి. మాట మీ సొత్తు.

ఇట్లు,
మీ బావ

తా.క.: మీ చేతి కుట్టు బాగుంది. గుడారం చిరుగు ఎక్కడుందో వెతికినా కనబడలేదు. ఇది ఎప్పుడో రాయాల్సింది.

---

బావగారికి,

వందనాలు! కూర్చుని చదవండి, నిచ్చెన దిగండి.

నర్సమ్మగారి నిర్ణయం వచ్చింది. ఏ దళానికి వెళ్లినా పెద్దల కేకలతో చెవులు చిల్లులు పడుతున్నాయట. "కేక లేకుండా, విసుగు లేకుండా, ఒకరి మనసు ఒకరు ఎరిగి పనిచేసే పెద్దల్ని మీ దగ్గరే చూశాను" అన్నారు. జట్టు ఉంటుంది. పిల్లలంతా క్యాంపుకు వస్తున్నారు. పైగా క్యాంపులో మిగతా పెద్దలందరికీ మనిద్దరం ఈ మౌన పద్ధతి నేర్పాలట!

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లు సందు సందునా వాక్యం చెబుతూ గొంతు చించుకున్నాను, ఒక్కడు ఆగి వినలేదు. ఒక్క గంట నోరు మూసుకుంటే సన్మానం!

ఇంత పని చీటీల మీద తెమిలేది కాదు. ఒట్టును నేను తీసి గట్టు మీద పెట్టేశాను. దానికి ప్రభువుకు నేను జవాబు చెప్పుకుంటాను. రేపు మధ్యాహ్నం మా కుట్టు దుకాణానికి రండి, నోరారా మాట్లాడుకుందాం. ముందు మీరే మొదలుపెట్టండి, నేను వింటాను.

ఇట్లు,
మీ బావ

తా.క.: వెనక గుమ్మం నుంచి రండి, వచ్చాక గొళ్లెం పెట్టండి. "మా తాతయ్యలిద్దరికీ అసలు మాటలే అక్కర్లేదు" అని మనవరాలు వీధంతా గొప్పలు చెప్పుకుంటోంది. మనం మాట్లాడుకుంటూ దొరికిపోతే పిల్ల పరువేం కాను!