దుభాషి గడిలో పేరు

హుటాన్ మెలింటాంగ్,
జూన్ 9

ప్రియమైన చిన్నతాతకు,

మీరు దిద్ది తిప్పి పంపిన నా ఉత్తరం సుంగై పెటాని నుంచి నాలుగు రోజుల్లో చేరింది. ఎర్ర సిరా గీతలు పదకొండు. కిందటిసారి పంతొమ్మిది! బడిలో నా స్నేహితురాళ్లు పునిత, షామిని నన్ను చూసి "ఈ కాలంలో ఉత్తరాలేటి లా?" అని, మాట చివర ఇక్కడి 'లా' తగిలించి నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. మీరు నేర్పకముందు నాకు తెలుగులో నా పేరు రాయడం కూడా వచ్చేది కాదు. ఇప్పుడు వారానికో కొత్త మాట బుగ్గన పెట్టుకుని బడికి వెళ్తున్నాను.

ఈ వారం మాట వాంగ్మూలం. వాక్కు, మూలం: మాటకి వేరు ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ మాట ఎందుకు కావలసి వచ్చిందంటే, నాన్న చనిపోయినప్పుడు నాయనమ్మ పోలీసు బలాయ్‌లో ఇచ్చిన రిపోర్టు నకలు నేను తెప్పిస్తున్నాను. పడవల్ని ఒడ్డుకు లాగి బాగుచేసే చోట నాన్న పని చేసేవాడని, లాగే ఇనుప తాడు తెగి కొట్టిందని మీకు తెలుసు. నాకప్పుడు నాలుగేళ్లు. నాన్న తద్దినం వచ్చిన ప్రతిసారీ నాయనమ్మ అనే మాటా మీకు తెలుసు: "తాడు పోగులు లేస్తన్నాయని నా కొడుకు రెండు దినాల ముందే తవుకేకి సెప్పినాడు. ఆ యజమాని ఇనలేదు. ఎవులు పట్టించుకోకపోతే పోనీ, ఆ మాట బలాయ్‌లో రాసుంది." పద్నాలుగేళ్లుగా ఆవిడ ధైర్యమంతా ఆ కాగితమే. ఇప్పుడు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమది కూడా పోయేలోపల ఒక్కసారి చదివించుకుని వినాలంట.

మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి కౌంటరులో ఉన్న కార్పొరల్ అక్క, రిపోర్టు ఇచ్చిన మనిషే అడగాలంది. రెండోసారి నాయనమ్మ వేలిముద్ర వేసిన లేఖ, ఆమె ఐసీ గుర్తింపు కార్డు పట్టుకెళ్లాను. "నంబరు లేకపోతే ఎలా వెతకను, ఆదిక్?" అంది, చెల్లెల్ని పిలిచినట్టు. నాయనమ్మ బిస్కెట్ల డబ్బాలో ఆ నంబరు చీటీ దాచే ఉంచింది! మూడోసారి నంబరు చూసి, పాతవన్నీ జిల్లా ఆఫీసులో ఉంటాయి, వచ్చే వారం రమ్మంది. నాయనమ్మ అప్పుడే కొత్త చీర తీసి పెట్టుకుంది, వినేటప్పుడు కట్టుకోవడానికి.

మీ దిద్దుబాటు కోసం ఎదురుచూసే
యోగేశ్వరి


జూన్ 18

చిన్నతాతకు,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను, ఇంకో కాగితం తీసుకున్నాను.

రిపోర్టు వచ్చింది. ఒకే పేజీ, మలాయ్‌లో. బలాయ్ బయట బెంచీ మీద కూర్చుని చదివాను. తెలుగులో ఇలా వస్తుంది. మీరు నేర్పిన తెలుగే, సరిచూసుకోండి: "నా కొడుకు శ్రీకుమార్ పనిలో కాలు జారి, లాగుతున్న తాడుకి అడ్డంగా పడ్డాడు. నాకు ఎవరి మీదా అనుమానం లేదు. విచారణ అక్కర్లేదు. శవపరీక్ష వద్దు." అంతే. తాడు పోగుల మాట లేదు. తవుకే మాట లేదు. కింద నాయనమ్మ వేలిముద్ర. దాని పక్కన ఇంకో గడి ఉంది. చెప్పేవాళ్లకి మలాయ్ రాకపోతే, వాళ్ల మాట మలాయ్‌లో చెప్పిన మనిషి పేరు రాసే గడి. దాన్ని తెలుగులో దుభాషి అంటారని మీరే చెప్పారు. అందులో మీ పేరు ఉంది. అప్పడు. మీ సంతకం నాకు బాగా తెలుసు. నా ప్రతి ఉత్తరం కిందా ఎర్ర సిరాతో ఉంటుంది.

నాలుగేళ్లుగా నాకు ఏం నేర్పారు? చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంతం కలపకు, ఎదుటి మనిషి మాట మింగకు అన్నారు. ఎదురుగా కూర్చుని మీ వదిన ఏడుస్తూ చెప్పిన మాట మీరు మింగేశారు. ఆమె వేలు పట్టి ఆ కాగితం మీద మీరే ముద్ర వేయించి ఉంటారు. తర్వాత ప్రతి తద్దినానికీ వచ్చారు. "రాసుంది" అని ఆమె అంటుంటే అరిటాకు ముందు కూర్చుని విన్నారు. ఒక్కసారి కూడా మీకు ముద్ద గొంతులో ఆగలేదా?

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ కొత్త చీర కట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఎడమ చెవి నా వైపు తిప్పి "సదువు" అంది. నేను చదవలేకపోయాను. కాగితం ఇంకా రాలేదని చెప్పాను. చీర మడత పెట్టి లోపల దాచేసింది. చూశారా, నేనూ మీలాగే చేశాను. అందుకు మీ మీద ఇంకా కోపంగా ఉంది.

వచ్చే శనివారం లోపల మీరు వచ్చి చెప్పండి. లేకపోతే ఉన్నది ఉన్నట్టు నేనే చదువుతాను.

యోగేశ్వరి


(నా ఉత్తరం తిరిగి వచ్చింది. ఒక్క ఎర్ర గీతా లేదు. వెనక ఇలా ఉంది.)

జూన్ 23

తల్లీ యోగీ,

ఆ రోజు మీ నాయనమ్మ తాడు సంగతీ చెప్పింది, "నా బిడ్డని కొయ్యనివ్వకండి" అనీ గుండెలు బాదుకుంది. తాడు మాట రాస్తే విచారణ తప్పదని, శవపరీక్షకి పంపుతారని, రెండు మూడు రోజులు పడుతుందని ఆఫీసరు చెప్పాడు. ఈ రెండిటిలో నీకేది కావాలి వదినా అని ఆమెను అడగాలి. నేను అక్కడ కూర్చున్నది అందుకే. అడగలేదు. నేనే ఎంచాను.

ఇంకొకటి. అప్పట్లో నేను ఆ తవుకే దగ్గరే గుమస్తాను. నా ఉద్యోగం గురించి కూడా ఆలోచించాను. ఎంత ఆలోచించానో ఇప్పటికీ నాకే తేలదు.

శనివారం మొదటి బస్సుకి వస్తాను.

అప్పడు


జూన్ 30

చిన్నతాతకు,

మీరు వెళ్లి రెండు రోజులైంది. మనం ముగ్గురం ఒకేచోట ఉన్నా, జరిగినదంతా మీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఇంట్లో మీరు నాయనమ్మ ఎడమ చెవి దగ్గర కూర్చుని చెప్పారు. తాడు మాట రాయించలేదన్నారు. శవపరీక్ష భయం చెప్పారు. ఉద్యోగం మాట చెప్పలేదు. నేను గుమ్మంలో నిలబడి దానికోసమే ఎదురుచూశాను. నాయనమ్మ చాలాసేపు చీర కొంగు నలిపింది. "పద్నాలుగేళ్లు ఏటీ లేని కాయితం దాసుకున్నానా అప్పడూ? నన్నడిగితే నీ నోరు పోతాదా?" అని, కాసేపటికి తనే మెత్తబడింది. "పోనీలే. నా కొడుకుని ముక్కలు కాకుండా ఇంటికి తెచ్చినావు. మజ్జానం ఇక్కడే తిను. ముందు బలాయ్‌కి పోదాం. ఈసారి మా యోగి సెప్తాది."

కార్పొరల్ అక్క నాయనమ్మని పెద్దమ్మా అన్నట్టు పిలిచి అడిగింది గుర్తుందా? "ఆ తవుకే చనిపోయాడు, ఆ చోటు మూసేశారు. ఇప్పుడిది రాసి ఏం లాభం మక్‌చిక్?" నేను చెవిలో తెలుగులో చెప్పాను. నాయనమ్మ: "రాసుంటాది లా!" ఆమె చెప్పింది చెప్పినట్టు నేను ఒక్కో వాక్యం మలాయ్ భాషలో చెప్పాను. అక్క రాసినది తిరిగి తెలుగులో చదివి వినిపించాను. తాడు పోగుల దగ్గరికొచ్చేసరికి నాయనమ్మ ఆపి, మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. అప్పుడు ముద్రకి వేలు చాపింది.

తర్వాత ఎవరూ అడగకుండానే మీరు కుర్చీలో కూర్చుని మీ రిపోర్టు ఇచ్చారు. మలాయ్‌లో. వదిన మాట మార్చానన్నారు. శవపరీక్ష గురించి చెప్పారు. ఆగి, "నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను" అన్నారు. అని నా వైపు చూశారు. నాయనమ్మ నా చెయ్యి గిల్లి "ఏటంటన్నాడు?" అంది.

మీరెందుకు చూశారో నాకు తెలుసు. ఆ ఒక్క వాక్యం వదిలేస్తే మనం ముగ్గురం ఇంటికి వెళ్లి భోంచేసేవాళ్లం. ఆమె అప్పటికే మిమ్మల్ని సగం క్షమించింది. ఆ వాక్యం నా నోట్లో ఎంతసేపు ఉందో మీరూ చూశారు. ఆ రోజు మీరు అదే కుర్చీలో ఎలా ఉండి ఉంటారో అప్పుడు మొదటిసారి నాకు తెలిసింది.

చెప్పేశాను. ఎడమ చెవిలో, గట్టిగా, అన్ని మాటలూ.

ఆమె లేచి బయటికి వచ్చి నా మోటారుసైకిలు ఎక్కింది. వెనక్కి చూడలేదు. మీరు బస్ స్టాండు వైపు నడిచి వెళ్లడం నేను అద్దంలో చూశాను.

మీ మీద కోపం పోయిందని రాయలేను. పోలేదు. ఈ ఉత్తరం దిద్ది పంపకండి, తప్పులుంటే ఉండనివ్వండి. కానీ ఇవాళ పొద్దున్న నాయనమ్మ బియ్యం కడుగుతూ, నా వైపు చూడకుండా, ఒక మాట అడిగింది. మిమ్మల్నే అడిగిందనుకుంటాను. అందుకని ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా మీకు పంపుతున్నాను:

"అప్పడు ఆయేళ ఏటైనా తిని పోయినాడా?"

యోగేశ్వరి