బతికున్నవాడి పటం

రాయికల్, ఫిబ్రవరి 1976

ప్రియమైన తమ్ముడు భీమన్నకు,

బతికున్నవాడి మొహాన్ని ఇంత పెద్ద పటం కట్టి ఎవరైనా ఇంటికి పంపుతారా? మస్కట్ నుంచి సెలవుకు వచ్చిన దేవయ్య చంకలో అద్దాల పటం, అందులో నువ్వు. కన్నతల్లి కదా, అవ్వ వాకిట్లోనే కూలబడింది. మన దగ్గర అంత పటం పోయినవాళ్లకే కదా. "వాడు మంచిగనే ఉన్నడు పెద్దవ్వా, సైట్ మీద అందరికీ నీతులు చెప్తున్నడు" అని దేవయ్య మొత్తుకునేలోపు వాడకట్టంతా ఏడ్చింది. ఇప్పుడు నీ మొహం గోడవైపు తిరిగి ఉంది. "దాన్ని వాగుల పారెయ్, లేకుంటే ముద్ద ముట్ట" అంటోంది అవ్వ. ఏం చెయ్యను?

నీ అక్క శాంతవ్వ

హమ్రియా, మస్కట్, మార్చి

అక్కకు దండాలు.

పారెయ్యొద్దు. రాముని పటానికి అవ్వ రోజూ పూలు పెడుతుంది, రాముడు చచ్చాడా అని అడుగు. ఆత్మను నిప్పు కాల్చదని ప్రతి శుక్రవారం సెలవునాడు రూమ్‌లో మనవాళ్లకు చెప్తుంటాను, నా ఇల్లే ఒక అద్దానికి బెదురుతుందా?

ఆ పటం తీసిన జర్మనీ అమ్మ హిల్డా సంగతి అవ్వకు చదివి వినిపించు. తండ్రి స్టూడియోలో పని నేర్చింది. యుద్ధానికి పోయే సిపాయిలు చిన్న ఫోటోలు దిగేవారు. వాళ్లు చచ్చాక తల్లులు అవే తెచ్చి పెద్దవి చేయమనేవారు. యుద్ధం ముగిసిన నాడు ఒట్టు పెట్టుకుంది, ఇక బతికున్న మొహాలే పెద్దవి చేస్తానని. దేశాలు తిరిగి మస్కట్ చేరింది. ఇక్కడ గొప్పింటివాళ్ల ఫోటోలు తీసిన సంపాదనతో కూలీలవి తీస్తోంది. "గేటు పాసుకు తలకాయ ఫోటో చాలు, లేబర్‌కు ఇంత పటమెందుకు" అన్నాడు మేనేజర్. "వాళ్ల మీద నీ కన్ను పడాలంటే ఇంత కావాలి" అందట. హైదరాబాద్ ఇనాయత్ మాకు తర్జుమా చేశాడు.

అవ్వ ముద్ద ముట్టకపోతే నేనూ ముట్టను.

నీ తమ్ముడు భీమన్న

రాయికల్, మార్చి

మొండి తమ్ముడికి,

"ఆ తల్లులు కొడుకులు బతికుండంగ పెద్ద పటం సూడనేలేదా?" అంది అవ్వ. తానే లేచి పటం ఇటు తిప్పింది. "ఎంత బక్కగయ్యిండు" అని నిన్ను తిట్టి గంజి తాగింది. తర్వాత ఇంకో మాట: "నేను పోయినంక పటానికి దండేస్తే నేను సూస్తనా? ఇప్పుడే నాది తీయించు." కోరుట్ల స్టూడియోకు పోదామంటే చిన్నాయన గంగన్న బండి ఇవ్వడట. "ముసల్ది ఎప్పుడు సస్తదా అని కూసున్నరని ఊరోళ్లంటరు" అంటాడు. అవ్వకు ఆయాసం ఎక్కువైంది. కోతలయ్యాక చూద్దాం.

అక్క

హమ్రియా, ఏప్రిల్

అక్కా,

అవ్వ మాట హిల్డాకు చెప్పించి, "మరి మీ పటం?" అని అడిగాను. "ఏ గోడకు?" అంది. ఆమెకు ఎవరూ లేరు. "మా అవ్వ గోడకు" అన్నాను. కెమెరా సరిచేసి, కుర్చీలో తానే కూర్చుని, మీట నా చేతికిచ్చింది. ఆ పటం పంపుతున్నాను, అవ్వ పటం పక్కన పెట్టండి.

కోతలు ఆగుతాయి, ఆయాసం ఆగదు. యముడు గంగన్న బండి కోసం కాచుకోడు. ఎవరినీ అడగకు. ఉత్తరం మడిచి, అవ్వకు మంచి చీర కట్టి, ఇవాళే కోరుట్ల బస్సెక్కించు.

భీమన్న