డాక్టరు లేని సలహాల పేజీ

మంగళవారం, రాత్రి

ఈరోజు ఏజెంటు తెచ్చిన పత్రికల కట్ట విప్పకుండానే అతనికి తిరిగి ఇచ్చేశాను. 'పెద్దలకు మాత్రమే' పత్రికలు నా కొట్లో ఎప్పటినుంచో ఉన్నాయి, ఇకపైనా ఉంటాయి. ఈ కార్మికుల బస్తీలో, క్యాంప్ టూలో, ఆడది ఇలాంటివి అమ్ముతుందా అన్నవాళ్ల ముందు నేనెప్పుడూ తల దించలేదు. కానీ ఈ పత్రిక చివరి పేజీలో ప్రతిసారీ ఒక డాక్టరు సలహాలిస్తాడు. ఫర్నేస్ వేడికి మగతనం పోతుందంటాడు. ఎవరేం అడిగినా ఒకే క్యాప్సూల్ కొనమంటాడు. ఆ డాక్టరుకి ఊరూ లేదు, ఆస్పత్రీ లేదు.

స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపే మా బావ అది నమ్మాడు. మొన్న గుండెదడ వచ్చి కళ్లు తిరిగి పడిపోతే, వేడి వల్లేనని ప్లాంటు డాక్టరుకి చెప్పాడు. ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు ఆ మాటంటే ఎవరూ మళ్లీ అడగరు. ఆ క్యాప్సూళ్లు మింగుతున్నాడన్న అసలు సంగతి అక్క నాకు చెప్పింది.

ఏజెంటు నవ్వాడు. "బట్టల్లేని బొమ్మలమ్మడానికి లేని సిగ్గు మందు కాడ ఏటి దీదీ?"

"బొమ్మని బొమ్మనే అమ్ముతున్నాను. నీ పేజీ డాక్టరు కోటేసుకొచ్చింది. అట్టుకుపో" అన్నాను.

ఆ కట్ట పక్క కొట్లో వేస్తాడు, నాకు తెలుసు. బావ జేబులో ఆ క్యాప్సూళ్ల సీసా ఇంకా ఉందట. ఎల్లుండి మళ్లీ క్రేన్ ఎక్కుతాడు. కింద ఎంతమంది తిరుగుతుంటారో…

రేపు బావతో ఆస్పత్రికి నేనూ వెళ్తాను. ఆయన సిగ్గుపడి నోరు విప్పకపోతే నేనే చెబుతాను. ఈ పత్రికలమ్మే ఆడదానికి సిగ్గు లేదని ఊరంతా ఎలాగూ అంటూనే ఉంది.