వీసా మీది తేదీ

ఏమండీ,

శుక్రవారం ఎయిర్‌పోర్టుకు రాకండి, టికెట్ మార్పించండి. వీసా మీది తేదీ ఈ దేశంలో అడుగుపెట్టడానికేనట, ఉండటానికి కాదట. ఎన్నాళ్లు ఉండొచ్చో దిగిన రోజే పాస్‌పోర్టులో ముద్ర వేసి ఇచ్చారు. నేనే ఆ పేజీ తిప్పలేదు. ఇంకా రెండు నెలలుంది! అక్క మోకాలి ఆపరేషన్ అయ్యేదాకా ఉండొచ్చు. ప్రాణం లేచొచ్చిందనుకోండి.

ఒక్కటే చిక్కు. ఎలాగూ వెళ్లిపోతున్నాను కదా అని, మన పెళ్లికి రాలేదని ఇరవై ఏళ్లుగా కడుపులో దాచుకున్న కోపమంతా నిన్న అక్క మీద వెళ్లగక్కేశాను. అయినా తనే, గడువు పెంచమని అడుగుదామంటూ పొద్దున్నే కుంటుకుంటూ నన్ను వీసా ఆఫీసుకు లాక్కెళ్లింది. అక్కడే ఈ ముద్ర సంగతి తెలిసింది.

ఇంటికొచ్చాక నేను సర్దుకున్న పెట్టె విప్పి, నా చీరలు మళ్లీ బీరువాలో పెడుతూ అంది: "రెండు నెలలుందిగా, తీరిగ్గా పోట్లాడుకుందాం. ముందు తిను."