కాళ్ళపీటకు పెళ్ళిచూపులు

టొరంటో,
ఆగస్టు 4, 1991

ప్రియమైన ఆర్డిత్ అత్తయ్యకు,

మేనకోడలు లోరెట్టా నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ మోకాలు ఎలా ఉంది? జులైలో నీ దగ్గరున్న మూడు రోజులూ హాయిగా గడిచాయి. లూనెన్‌బర్గ్ గాలీ, నువ్వు ఊరవేసిన హెర్రింగ్ చేపలూ రోజూ గుర్తొస్తున్నాయి.

ఒక మంచి కబురు. ఇళ్ళు అలంకరించే పనిలో పడి పద్దెనిమిదేళ్ళుగా పత్రికల్లో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళే చూసుకున్నాను. ఇప్పుడు నా సొంత ముందుగదినే ఫోటోలు తీస్తారట, అక్టోబరు ఇరవై రెండున. అన్నీ కుదిరాయి గానీ ఆకుపచ్చ కుర్చీ ముందు మాత్రం బోసిగా ఉంది. అక్కడ కొత్తది పెడితే దుకాణంలా ఉంటుంది. ముత్తవ్వ గులాబీలు కుట్టిన నీ కాళ్ళపీట పెడితే ఇల్లులా ఉంటుంది. నీకు దానితో పెద్దగా పని లేదనిపించింది. బదులుగా మెత్తటి తోలు పీట పంపిస్తాను.

ముందుముందు ఎవరికి ఏది రావాలో గుర్తు పెట్టుకోవడం మన కుటుంబంలో అందరూ చేసేదే కాబట్టి, జులైలో దాని అడుగున నా పేరు రాసి చిన్న టేపు ముక్క అంటించాను. తప్పుగా అనుకోకు.

ప్రేమతో,
లోరెట్టా

తా.క. ఆరోగ్యం జాగ్రత్త. పీట మీద టీ కప్పు పెట్టకు.


లూనెన్‌బర్గ్,
ఆగస్టు 11

చిరంజీవి లోరెట్టాకు,

అత్తయ్య ఆశీర్వదించి రాసేది. నా మోకాలు వంగితే లేవదు, లేస్తే వంగదు. అందుకే నీ టేపు చూడడానికి పక్కింటి మ్యూరియెల్ వచ్చి పీట తిరగేయవలసి వచ్చింది. ఒకటి కాదు, నాలుగున్నాయి. నీదొకటి, మీ అన్న క్లైడ్‌దొకటి, మీ వదిన గ్లాడిస్‌ది విడిగా ఇంకొకటి. నేను పోయేనాటికి ఆ మొగుడూ పెళ్ళాలు విడిపోయే ఏర్పాట్లలో ఉన్నారన్నమాట.

ఆ ఊపులో ఇల్లంతా వెతికాం. గడియారం వెనక, అలమర తలుపుకి, ఆఖరికి పిండి డబ్బా కింద కూడా పేర్లే. నేను పోయాక తగువులు రాకూడదని మీ ముందుచూపు. నేనే కాస్త నెమ్మదిగా పోతున్నాను, ఏమనుకోకండి. మ్యూరియెల్ చేత నా వీపు కూడా చూపించుకున్నాను. ఇంకా ఎవరూ అంటించలేదు.

పీటతో నాకు పని లేదన్నావు. సాయంత్రమయ్యేసరికి నా పాదాలు రొట్టెల్లా పొంగుతాయి. ఎత్తు మీద పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. పాపం, ఆయన నీ పత్రిక చదవడు కాబోలు.

ఇంకా ఊపిరి పీలుస్తున్న,
నీ అత్తయ్య ఆర్డిత్ కోర్కమ్

తా.క. పేరు సగం చెరిగిన నాలుగో టేపు మీది చేతిరాత మన చర్చి పాస్టరుగారిదని మ్యూరియెల్ అనుమానం.


టొరంటో,
ఆగస్టు 19

ప్రియమైన అత్తయ్యా,

ఎంత మాటన్నావు! నువ్వు పోవాలని ఇక్కడెవరు కోరుకుంటున్నారు? నువ్వు నూరేళ్ళు బతకాలి. అక్టోబరు ఇరవై రెండు మాత్రం నూరేళ్ళు ఆగదు, అంతే నా బాధ.

సరే, పీట మాట వదిలేద్దాం. ఈ నెల ఇరవై తొమ్మిది, గురువారం, హాలిఫాక్స్ నుంచి వెండెల్ రఫ్యూస్ గారని ఒక పెద్దమనిషి నీ ఇంటికి వస్తారు. చాలా మర్యాదస్థుడు. భార్య పోయి ఆరేళ్ళైంది. పాతవంటే ఆయనకు ప్రాణం. ఒక్క చూపుతో మంచీ చెడూ చెప్పేస్తారు. కాస్త టీ ఇచ్చి, దగ్గరగా చూడనివ్వు. మిగతా విషయాలు నేనూ ఆయనా మాట్లాడుకుంటాం.

ప్రేమతో,
లోరెట్టా

తా.క. తోలు పీట పార్సిల్లో పంపాను. ఆయన వచ్చేముందు ఏదీ తుడవకు, పాలిష్ పెట్టకు. పాతదాని అందమంతా ఉన్నదున్నట్టు ఉండడంలోనే ఉంది.


లూనెన్‌బర్గ్,
ఆగస్టు 30

చిరంజీవి లోరెట్టాకు,

నిన్ను అపార్థం చేసుకున్నాను తల్లీ. ఒంటరి ముసలిదానికి ఒక తోడు చూద్దామని నువ్వు అనుకుంటుంటే, నేను టేపులు లెక్కపెడుతూ కూర్చున్నాను.

పెళ్ళికొడుకు నిన్న మూడింటికి వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు, నాకంటే రెండేళ్ళు పెద్ద. నువ్వు చెప్పినట్టే నేను పాలిష్ ఏమీ పెట్టుకోలేదు, నీలం గౌను మాత్రం వేసుకున్నాను. మనిషి రాగానే నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు! నా పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని నెమ్మదిగా నేల మీద పెట్టాడు. భూతద్దం తీసి పీటని చూశాడు, తరవాత నన్ను చూశాడు. “ఇంత చక్కగా నిలిచినదాన్ని ఈ మధ్య చూడలేదండీ” అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. వంటింట్లో మ్యూరియెల్‌కి పొలమారింది.

నేను పళ్ళు ఉడికించి తియ్యగా చేసిన బ్లూబెర్రీ గ్రంట్ మూడు గిన్నెలు తిన్నాడు. వచ్చే గురువారం మళ్ళీ వస్తానన్నాడు.

నీ మేలు మరవని,
అత్తయ్య

తా.క. పీట వయసు నూట ఇరవై ఏళ్ళట. నా వయసు ఆయన అడగలేదు, నేనే చెప్పాను. రెండేళ్ళు తగ్గించాను.


టొరంటో,
సెప్టెంబరు 6

అత్తయ్యా,

ఘోరం జరిగిపోయింది. రఫ్యూస్ గారు పెళ్ళికొడుకు కాదు! పాత సామాను చూసి వయసు, విలువ చెప్పడం ఆయన వృత్తి. పీటని చూడమని నేనే పంపాను. చూడమన్నది ఒక్కసారి. రెండో గురువారం ఎందుకు వెళ్ళారో నాకు అర్థం కావడం లేదు. దయచేసి ఆయనకు ఇంకేమీ వండిపెట్టకు. ఈ వయసులో ఇలాంటి ఆశలు పెట్టుకుని నువ్వు బాధపడితే నేను తట్టుకోలేను.

దాపరికం లేకుండా చెబుతున్నాను. నాకు పీట కావాలి. అది లేకపోతే పద్దెనిమిదేళ్ళ నా కష్టం ఆ బోసి మూల దగ్గర ఆగిపోతుంది. పంపించు అత్తయ్యా.

నీ లోరెట్టా

తా.క. ఆయన నాకు పంపిన నివేదికలో పీట గురించి ఒక వాక్యం ఉంది. బ్లూబెర్రీ గ్రంట్ గురించి పేజీన్నర.


టొరంటో,
సెప్టెంబరు 27

అత్తయ్యా,

జవాబు లేదు. ఫోన్ చేస్తే మ్యూరియెల్ ఎత్తి, “ఇవాళ గురువారం కదమ్మా” అని పెట్టేసింది. రఫ్యూస్ గారి దుకాణానికి చేస్తే లూనెన్‌బర్గ్ వెళ్ళారన్నారు. అప్పుడు మంగళవారం! అసలేం జరుగుతోంది?

లోరెట్టా

తా.క. పీట క్షేమమేనా?


హాలిఫాక్స్,
అక్టోబరు 8

చిరంజీవి లోరెట్టాకు,

ఉత్తరం ఆలస్యమైంది. పెళ్ళి పనుల్లో ఉన్నాను.

చల్లకొచ్చి ముంత దాచడం నీకు చేతనవును గానీ ఆయనకు చేతకాదు. మొదటి రోజు టోపీ తీయకముందే చెప్పేశారు. “మీ మేనకోడలు పీట చూడమని పంపిందండీ. మీకు చెప్పలేదని మీ మొహం చూస్తే తెలుస్తోంది. పొమ్మంటే పోతాను” అన్నారు. టీ తాగి పొమ్మన్నాను. పెళ్ళికొడుకని నీకు రాసింది నిన్ను ఏడిపించడానికే. రెండో గురువారం ఆ సంగతి చెబితే ఆయన కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. నవ్వడం అయ్యాక, “ఆ మాట నిజం చేస్తే తప్పేముందండీ?” అన్నారు.

మీ మామయ్య పోయిన ఎనిమిదేళ్ళలో నా ఇంటికి చాలామంది వచ్చారు. అందరూ సామాన్లే చూశారు. ఈయన మాత్రం గులాబీలు కుట్టిందెవరని అడిగారు. మా అవ్వ గురించి ఎవరైనా అడిగి ఎన్నాళ్ళైందో! చీకటి పడేదాకా చెప్పాను. ఆ సాయంత్రం వెళ్తూ వెళ్తూ పీటని మళ్ళీ నా పాదాల కింద పెట్టారు. అక్కడే ఉండనివ్వాలని తోచిన మనిషి ఆయనొక్కడే. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఈయన ఇంట్లో నలభై ఒక్క కాళ్ళపీటలున్నాయి. పూటకొకటి మార్చినా మూడు వారాలు పడుతుంది. అందుకని నాది నీకే పంపుతున్నాను. నీ మూల నిండితే నాకూ సంతోషమే.

ఆశీస్సులతో,
అత్తయ్య ఆర్డిత్ రఫ్యూస్

తా.క. పీట మీది గులాబీలు రెండుచోట్ల బాగా వెలిసిపోయాయి. అవి నా మడమల గుర్తులు. ఎవరివని పత్రికవాళ్ళు అడిగితే, ఆవిడ ఇంకా బతికే ఉందనీ, మొన్న శనివారమే పెళ్ళి చేసుకుందనీ రాసుకోమను.