నువ్వు దూరం పంపిన పైలట్

అన్నా,

గాలిలో ఇంధనం నింపుతుండగా మీ ట్యాంకర్ విమానానికి నిప్పంటుకున్న రోజు, గొట్టం విడదీసి నువ్వు తప్పించిన యుద్ధవిమానం పైలట్ ఇవాళ మన పోచంపల్లి ఇంటికి వచ్చింది. నువ్వు పోయినప్పటి నుంచి నీ పేరెత్తని బాపు, మగ్గం మీది నుంచి లేచి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"మా పోరడు భయపడ్డడా, బిడ్డా?"

"లేదండీ. రేడియోలో ఆయన గొంతు కూడా వణకలేదు. 'నువ్వు జల్దీ దూరం పో చెల్లె, మా ఫికర్ చెయ్యకు' అని తెలుగులోనే అన్నారు."

బాపు లేచి ఆమె చెయ్యి పట్టుకుని మన వాడకట్టులో ఇంటింటికీ తీసుకెళ్లాడు. ప్రతి వాకిట్లోనూ ఒకటే మాట చెప్పాడు.

"గీ బిడ్డను మావోడే బతికిచ్చిండు."

ఆయన గొంతు అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు, అన్నా.

నీ చెల్లె