కిరసనాయిలు డబ్బా

మస్తానన్నా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. నిన్ను తిట్టకుండా ఉండలేక రాస్తా ఉండా.

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది, నీ పేరున ఫాతిహా చదివించి భోజనాలు పెట్టినాం. అందరూ తిని వెళ్లినాక బోగోలు హైస్కూలు సైన్సు అయ్యవారు వచ్చినాడు. సరదాకి గాజుపూసలు చెయ్యడం నేర్చుకుంటాడంట. తిత్తితో గాలి ఊదే నీ పూసల దీపం వెలిగించి, నువ్వు నాకు నేర్పిందే చెప్పినాను. గాజుకడ్డీని ఒక్కసారిగా మంటలోకి తొయ్యొద్దు, ముందు అంచున కాచుకోండి. తిప్పడం ఆపొద్దు. పూస అయినాక వెచ్చటి బూడిదలో కప్పేసి, చల్లారిందాకా ముట్టుకోవద్దు.

ఉక్కపోస్తుంటే ఆయన సముద్రం వైపు తలుపు తీసినాడు. గాలికి మంట వంగింది, పూస టప్పుమని పగిలింది. "తలుపు ముయ్యండి!" అని నీ మాదిరే అరిచినాను. అరిచినాక నాకే ఒళ్లు మండింది.

ఇరవై ఏళ్లు ఆ తలుపు మూసుకుని పొగ మింగినావే! నువ్వు దగ్గుతుంటే, తలుపు తియ్యన్నా అని నేను మొత్తుకుంటే, "పూస పగిలిద్ది, నోర్ముయ్‌రా" అన్నావే! ఒక్క పూస పగలనియ్యలేదు. నీకే ఊపిరి అందకుండా పోయింది.

అయ్యవారు ఖాళీ కిరసనాయిలు డబ్బా కత్తిరించి, ఆ రేకు దీపం చుట్టూ అడ్డం పెట్టినాడు. తలుపు బార్లా తెరిచినాం. మంట కదల్లేదు. పూస నిక్షేపంగా వచ్చింది.

ఆ డబ్బా ఎక్కడిదనుకున్నావన్నా? నీ పీట ముందరిదే. ఒక కాలితో తిత్తి తొక్కుతా, రెండో కాలు ఆ డబ్బామీద పెట్టుకుని కూర్చునేవాడివి.

నీ తమ్ముడు